కొళాయమ్మ గొంతు

మొన్న పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోనొచ్చింది, మా పక్కింటి మామ పోయినాడని. పులివెందుల బస్టాండులో బెంచీ మీద కూలబడినా. ఆయప్ప గురించి మీకు చెప్తా గానీ, నా పేరు మాత్రం అడగొద్దండి. నాకు ఇప్పటికీ భయమే.

మామ మగ్గం నేస్తాండె, రేడియోలు బాగుచేస్తాండె. కొళాయిల్లో బురదనీళ్ళొస్తాండాయని చూపించిన లోకల్ చానెల్ నోరు పెద్దోళ్ళు మూయించినప్పుడు, మామ పాత సామాన్లతో చిన్న ఎఫ్ఎం స్టేషను తయారుచేసినాడు. లైసెన్సూ లేదు, పాడూ లేదు. మా నాలుగు వీధుల్లో వినపడేది. దాంట్లో మేమిద్దరం నాటకమాడేవాళ్ళం: మామ పెద్ద ఆఫీసరు, నేను కొళాయమ్మ. "అయ్యా, గొంతులో మన్ను పడింది, మూడు దినాలాయ నీళ్ళు మింగి" అని దగ్గేదాన్ని. జనం పడీపడీ నవ్వేవాళ్ళు.

అప్పటికి నా టీచరుద్యోగం పర్మనెంటు కాలేదు. దొరికితే ఇంటికే. కాగితం చూసి చదువుతానే మాటిమాటికీ వాకిలికల్లా చూసేదాన్ని. "భయపడేదానికి సిగ్గెందుకు పాపా? భయపడతానే చదువు, దగ్గు బాగొస్తాది" అనేవాడు మామ.

మా మాటలు బయటికి పోకూడదని అత్త పక్కనే మగ్గం ఆడిస్తాండె. ఎంత తెలివనుకున్యామో! మా ప్రోగ్రాం వినేదానికి వీధంతా మగ్గాలు ఆపుతారని ఒక్కరికీ తట్టలా. ఒక మధ్యాన్నం ఎస్సై వచ్చి వీధిలో నిలబడితే, మామ ఇంట్లో మాత్రమే టకటక. నేరుగా వచ్చేసినాడు.

నేను నూలుమూటల ఎనక దూరినా.

"ఆ ఆడమనిషి యాడ?" అన్యాడు ఎస్సై.

"ఆడమనిషేంది సార్, అదీ నేనే" అని మామ కొళాయమ్మ మాదిరి దగ్గి చూపించినాడు. శానా అన్యాయంగా దగ్గినాడు. కానిస్టేబులు పక్కున నవ్వినాడు. నవ్వుతానే జీపెక్కించుకోని పోయినారు. తిరిగొచ్చినాక మామ రెండు వారాలు కుడిచెయ్యి పైకెత్తలేకపాయ. నా పేరు మాత్రం చెప్పలా. ఈ పొద్దు నేను తినే కూడు ఆయప్ప పెట్టిందే.

మొన్న నేను పోయేసరికి సావింట్లో అందరూ అదే చెప్పుకుంటాండ్రి. "ఆడగొంతు గూడా ఆయప్పదే, ఏం కళప్పా!"

చెప్పేద్దామని లేచినా. అత్త నా చెయ్యి పట్టుకునింది. "వద్దు పాపా. నీ పేరు యాడా ఎత్తొద్దని ఆస్పత్రిలో గూడా అన్యాడు."

అయినా చెప్పాలనే నోరు తెరిచినా. వాకిట్లో ఖాకీ చొక్కా కనపడితే పోలీసనుకున్యా. ఎవరో ఆటో డ్రైవరు, దండ తెచ్చినాడు. నేను అప్పటికే కొంగు నోటికడ్డం పెట్టుకోని మాట మింగేసినా. ఏడుపు ఆపుకోలేకపోతాండాననుకోని, అందరూ పక్కకు జరిగి నాకు దారిచ్చినారు.