అత్తమ్మను అడిగిన ఫోను

మాదాపూర్‌లో ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాను. "మీ సమాచారం తీసుకోమంటారా?" అని ఫోన్లు అడుగుతాయే, ఆ పేజీలు తయారుచేసే బృందం మాది. వాటినెవరూ చదవరని మా ఆఫీసులో అందరికీ గట్టి నమ్మకం. మా అత్తమ్మకు కొత్త ఫోను కొనేదాకా నాకూ ఉండేది.

ఆ ఆదివారం కొండాపూర్‌లో మా ఇంట్లో, మా ఆయన వాళ్లమ్మ ఫోను ముందేసుకుని టకటకా నొక్కుతున్నాడు. ఆయనదీ సాఫ్ట్‌వేరే. పక్కన కూర్చున్న అత్తమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"ఏందిరా, ఏమో అడుగుతుంది?"

"ఫోనెట్ల పనిచేస్తుందో, నువ్వెట్ల వాడుతున్నవో కంపెనీకి పంపాల్నా అంటుందమ్మా. సరే అని కొట్టిన."

"ఎవర్ని అడిగింది?"

"నిన్నే."

"మరి నువ్వెందుకు చెప్పినవ్?"

మా ఆయన నవ్వాడు. అదే కొంప ముంచింది. అత్తమ్మ ఫోన్ను డబ్బాలో పెట్టి, డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టి, పప్పుకు పోపు వేయడానికి వెళ్లిపోయింది. వారమంతా దాన్ని ముట్టుకోలేదు. పాత ఫోనులోనే వీధంతా వినబడేలా అరుస్తూ మాట్లాడింది.

నిపుణురాలిని కదా, నేను రంగంలోకి దిగాను.

"సెట్టింగుల్లోకి వెళ్లి ఆపేస్తాను అత్తమ్మా, ఒక్క నిమిషం."

"నువ్వు ఆపుడెందుకు బిడ్డా? నన్ను అడగమను."

"అది ఒక్కసారే అడుగుతుంది."

"నా పెండ్లప్పుడు ఒక్కసారి గూడ అడగలే. గీడ భూమి అమ్మినప్పుడు గంతే, ఏలిముద్ర ఎయ్యమన్నరు, ఏసిన. ఇన్నేండ్లకు ఓ ఫోను అడిగితే, దానికి గూడ వీడే జవాబు చెప్పిండు."

మా ఆయన తాను కష్టపడి ఎక్కించిన ఫొటోలు, పాటలు, చుట్టాల నంబర్లు అన్నీ తుడిచేసి, ఫోన్ను షాపులోంచి వచ్చినప్పటిలా చేసి వాళ్లమ్మ చేతిలో పెట్టాడు.

ఆ పేజీ వచ్చింది. మొత్తం తెలుగులో చెప్పుకుంటూ చదివాను. ఇలాంటిదాన్ని నేను ఆసాంతం చదవడం అదే మొదలు. అత్తమ్మ పెళ్లి సంబంధానికి ఆరా తీసినట్టు తీసింది.

"ఎవరు వాళ్లు? ఏ ఊరోళ్లు?"

"అవతల ఎవరు చూస్తారో నాకూ తెలీదత్తమ్మా."

"నేను సీరియల్ ఎంతసేపు చూస్తనో గూడ తెలుస్తదా?"

"ఏ యాప్ ఎంతసేపు వాడారో తెలుస్తుంది."

"తెలుసుకొని ఏం జేస్తరు?"

"ఫోన్లు బాగుచేస్తారట."

ఆ 'ట' విని ఉంటే మా మేనేజరు చాలా బాధపడేవాడు.

సరే అనే మీట నీలంరంగులో, అప్పడమంత. వద్దు అనేది మూలన, బూడిదరంగులో, చీమంత. అలా పెట్టడమే మా బృందం ఘనకార్యం. అత్తమ్మ ఆ చీమను వెతికి పట్టుకుని గట్టిగా నొక్కింది. నొక్కి, ఎవరో గద్దిస్తారన్నట్టు భుజాలు ముడుచుకుని కూర్చుంది. ఫోను ఏమీ అనకుండా తరువాతి పేజీకి వెళ్లిపోయింది.

అత్తమ్మ నా వంక చూసింది, కొడుకు వంక చూసింది.

"ఒద్దంటే గింతేనా?" అంది. "ఎవ్వరు అరవలే."