తొట్టి దగ్గర దుప్పి

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి ఒళ్లో గోనెసంచి ఉంది. దాని మూతి సగం తెరుచుకుని, లోపల బైకుల క్లచ్ వైర్లు చుట్టలు చుట్టలుగా కనిపించాయి. మెకానిక్కేమో అనుకుని, షాపు ఎక్కడని అడిగాను.

"షాపు లేదన్నా. నల్లమలలో ఫారెస్టు వాచర్ని. ఇయ్యన్నీ ఉచ్చులు, అడవిలో పీకినయ్. ఆఫీసులో అప్పజెప్పాల."

ఎండలకి వాగులు ఎండిపోతే, జంతువుల కోసం అడవిలోని సిమెంటు తొట్లలో నీళ్లు నింపేది కూడా తనేనట. చాలా మంచి పని చేస్తున్నారన్నాను.

అతను నావైపు చూడలేదు. ఒక వైరు బయటికి తీసి, వేలికి చుట్టుకుంటూ చెప్పాడు.

"ఏంది మంచి? నీళ్లు యాడుంటే ఆడే ఉచ్చులేస్తన్నారు. మొన్న చూలు దుప్పి మెడకి బిగుసుకుని సచ్చిపోయింది. మూతికీ నీళ్లకీ జానెడే దూరం. ఆ నీళ్లు పొద్దున నేను పోసినయ్యే."

"పోయడం ఆపేస్తే?"

"దప్పికకి సస్తయ్."

వేలి కొస నల్లబడ్డాక వైరు వదులు చేసి, సంచిలో వేసి, మూతి గట్టిగా కట్టాడు. మాచర్లలో దిగేటప్పుడు, "రేపు ట్యాంకర్ వస్తదన్నా, మళ్లీ నింపాల" అన్నాడు, నేనేదో వద్దని అన్నట్టు.

ఎండాకాలం మా పిట్టగోడ మీద పిచ్చుకలకి మూకుడులో నీళ్లు పెట్టడం నాకు అలవాటు. ఇప్పుడూ పెడుతున్నాను. పెట్టాక, పిల్లి ఎక్కడుందో చూడకుండా లోపలికి రాలేను.

అది ఎప్పుడూ గోడ కిందే ఉంటుంది.