నా మంచం మీది కప్పు

నా చిన్నప్పుడు ఇంటి కప్పును కర్రతో కొట్టి, చెవి పెట్టి వినే మనిషిని ఒక్కరినే చూశాను. ఆయన మా బాపు, మా నాన్న. బొగ్గుబాయిలో, గని అడుగున, పని. బాయికి దగ్గర్లోనే మాకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. నాకప్పుడు ఏడేళ్లు. మా అవ్వకు, అంటే అమ్మకు, నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకు చెన్నూరులోని పుట్టింటికి పోయింది గానీ, ఈసారి ఇక్కడే అనుకున్నారు.

అవ్వ పాత చీరలు ఉడకబెట్టి ఉతికి మెత్తని బొంతలు కుట్టింది. పక్కింటి అక్క తన కొడుకు ఊగి పెరిగిన చెక్క తొట్టెల తెచ్చిచ్చింది. వచ్చేది తమ్ముడా చెల్లా, కళ్లు తెరుచుకొని వస్తుందా మూసుకొని వస్తుందా అని నేను అందరి ప్రాణాలూ తోడేశాను. అంతవరకూ సంబరమే. తొట్టెల ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చేసరికి మాత్రం పరుగెత్తి పోయి నా మంచం ఎక్కి కూర్చున్నాను. లోపలి గదిలో కిటికీ మూల నా మంచం ఉండేది. అక్కడ పడుకునే బొగ్గురైలు డబ్బాలు లెక్కపెట్టేదాన్ని. ఆ మూల కాస్తా పోతే నాకేం మిగులుతుంది?

ఒకరోజు బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, అన్నం తిని, కర్ర తీసుకొని కప్పును అడుగడుగునా కొట్టడం మొదలుపెట్టాడు. వాన నీళ్లు ఉరిసి ఉరిసి ముందుగదిలో అప్పటికే రెండుసార్లు పెచ్చులు ఊడిపడ్డాయి.

"ఏం జేస్తున్నవ్ బాపూ?" అన్నాను.

"కప్పును అడుగుతున్న బిడ్డా. బాయిల గూడ గిట్లనే అడుగుతం. గట్టిగుంటే ఠంగుమంటది. డొల్లగుంటే దబ్బుమంటది. దబ్బుమన్న కాడ ఎవ్వలం నిలబడం."

ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు. నీళ్ల బిందె, గుమ్మడికాయ, తలుపు, అన్నీ కొట్టి విన్నాను. ఆఖరికి అవ్వ కడుపు మీద కూడా కొట్టబోయాను. "నీ తెలివి సల్లగుండ!" అని అవ్వ నా చెయ్యి పట్టుకొని పడీపడీ నవ్వింది.

నా సరదా చూసి బాపు నన్ను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. "నీయి లేత చెవులు. నువ్వే చెప్పు" అని పొడుగు కర్రకు బదులు వంట తెడ్డు చేతికిచ్చాడు. ముందుగది దబ్బుమంది. తలుపు దగ్గర మాత్రం కొంచెం ఠంగు, కొంచెం దబ్బు. నా మంచం మీదికి వచ్చేసరికి ఠంగుమంది. అక్కడ సున్నం కింద వేలికి ఏదో గీత తగిలింది. అదేమిటా అని తడుముతుంటే కింద నుంచి బాపు అడిగాడు, "ఎట్లున్నది?"

"డొల్ల" అన్నాను.

చీకట్లో చెవుల మీద బతికే మనిషికి ఆ చప్పుడు వినబడకుండా ఉంటుందా? అయినా నా మాటే నిజమన్నట్టు తల ఊపాడు. నన్ను దించి, "డొల్లయితే గీడ నువ్వు గూడ పండొద్దు" అని నా మంచాన్ని వరండాలోకి లాగాడు. తొట్టెలను ముందుగది తలుపు దగ్గర పెట్టాడు.

"ఆడ గట్టిగున్నదా?" అన్నాను.

"సగం సగం. గంతకన్న గట్టి జాగ లేదంటివి గద. బాయిల ఒక్కడు డొల్లంటే అందరం జరుగుతం. గట్టిదంటే అందరం పోయి కిందనే కూసుంటం. నువ్వన్నదే నమ్మిన."

తొట్టెలలోకి తొంగి చూశాను. అవ్వ కుట్టిన బొంత మీద అప్పుడే చిటికెడు సున్నం రాలి ఉంది. భోరుమన్నాను. "గట్టిదే బాపూ! అబద్ధం జెప్పిన!"

బాపు తిట్టలేదు. మళ్లీ భుజాలకెత్తుకొని ఆ గీత దగ్గరికి తీసుకుపోయాడు. "నిన్ను చెన్నూరు నుంచి తీస్కచ్చే ముందుగాల ఇల్లంత కొట్టి చూసిన. గింత గట్టి జాగ ఇదొక్కటే దొరికింది. మేకుతోని గీసి పెట్టిన. గందుకే నీ మంచం ఈడ ఉన్నది."

అప్పటిదాకా ఆ మూల నాకు కిటికీ కోసం దక్కిందనుకున్నాను. ఎంత సిగ్గేసిందో, అంత సంతోషమూ వేసింది. తొట్టెలను నేనే నెట్టుకుంటూ తెచ్చి ఆ గీత కింద పెట్టాను. వరండాలోని మంచాన్ని తెచ్చి అడ్డం తిప్పితే అదీ ఆ మూలలోనే పట్టింది. పది రోజులకు చెల్లి పుట్టింది.

బాపు పోయి చాలా ఏళ్లయింది. మొన్న కరీంనగర్‌లో మా కొడుకు, కోడలు పుట్టబోయే బిడ్డ కోసం గది సర్దుతుంటే, చేతికర్రతో కప్పును కొట్టడం మొదలుపెట్టాను. "కొత్త బిల్డింగు గదా అత్తమ్మా!" అని నవ్విన కోడలే, నిండు కడుపు మీద చెయ్యి వేసుకొని, కాసేపటికి, "ఎట్లున్నది మరి?" అంది.

ఠంగుమన్నట్టే అనిపించింది. అయినా ఇంకోసారి కొట్టి, విని, అప్పుడు చెప్పాను.