పాజిటివ్‌లు ఉన్న రిజిస్టరు

2022 ఫిబ్రవరి. చెరువుల్లో కొత్త పంటకు సీడ్ దించే రోజులు. భీమవరం నుంచి నరసాపురం వెళ్లే రోడ్డు పక్కన ఉన్న మా ఆక్వా ల్యాబ్ ముందు పొద్దున్నే మోటారు సైకిళ్లు బారులు తీరి ఉండేవి. సీడ్ అంటే రొయ్య పిల్లలు. రైతు, ఆ పిల్లల్ని పెంచి అమ్మే హ్యాచరీలో ఒక ట్యాంకు ఎంచుకుని, అందులోంచి కొన్ని పిల్లల్ని నీళ్లతో సహా కవర్లో కట్టించుకుని మా దగ్గరికి తెస్తాడు. మేము పీసీఆర్ చేస్తాం. పిల్లల్లో వైరస్ ఏ కొంచెం ఉన్నా పట్టిచ్చే పరీక్ష అది. ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. పాజిటివ్ సీడ్ వేసిన చెరువు రెండు నెలలు నిలబడటం కష్టం. పక్క చెరువులకూ అంటుకుంటుంది. అందుకే ఆ ఒక్క మాట కోసం రైతులు మా వరండాలో గంటల తరబడి కూర్చుంటారు.

ఆ మాట తేల్చేది నాగమణి. పదకొండేళ్లుగా మా టెక్నీషియన్. భర్త రైస్ మిల్లులో ఫిట్టరు, కూతురు ఇంటర్ చదువుతోంది. ఆమెకో పద్ధతి ఉండేది. శాంపిల్ రాగానే దానికి నంబరు వేసి, రైతు పేరున్న చీటీని బల్ల మీద బోర్లా పెట్టేది. రిజల్టు వచ్చాకే చీటీ తిప్పేది. ఎందుకని అడిగితే, "పేరు తెలిస్తే చెయ్యి మొహమాటపడుతుందండి" అంది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి నిలబడింది.

"సార్, మొగల్తూరు దగ్గర హ్యాచరీ వాళ్లు ల్యాబ్ ఇన్‌చార్జిగా రమ్మంటున్నారండి."

జీతం ఎక్కువ. కానీ ఆ హ్యాచరీ పెట్టి రెండేళ్లే అయింది. మా దగ్గర పదకొండేళ్లలో ఒక్క నెల కూడా ఆమె జీతం ఆగలేదు. ఆ ఇంట్లో నికరంగా వచ్చే జీతం ఆమెదే. శ్రేయోభిలాషిలా మాట్లాడాను గానీ, నిజానికి నా భయం నాది. ఆమె వెళ్లిపోతే ఆ సీజన్ గడవదు.

"హ్యాచరీలో నీకు జీతమిచ్చేది ఎవరమ్మా? సీడ్ అమ్ముకునేవాడే. పాజిటివ్ వస్తే నెగెటివ్ అని రాయమంటాడు. అప్పుడేం చేస్తావు?"

"నా భయమూ అదేనండి."

"మరి ఇక్కడ ఆ బాధ లేదు కదా. బాపిరాజు సీడ్ విషయంలో నేనేం చేశానో నువ్వు చూశావుగా?"

ఇది నేను చాలామందికి చెప్పుకున్న కథ. బాపిరాజు నాకు చిన్నప్పటి స్నేహితుడు, నలభై ఎకరాల చెరువులున్నవాడు. అతని సీడ్ పాజిటివ్ వచ్చింది. ఎంత అరిచినా వినకుండా ఉన్నదున్నట్టు రిపోర్టు ఇచ్చాను. మళ్లీ మా ల్యాబ్ గడప తొక్కలేదు.

నాగమణి తలూపింది. "ఇచ్చారండి. మూడోసారి చేయించాక."

నా కథలో ఆ సంగతి ఎప్పుడూ లేదు. కానీ జరిగింది అదే. మొదటిసారి పాజిటివ్ రాగానే "మళ్లీ చెయ్యమ్మా" అన్నాను. మర్నాడు రెండోసారీ అదే వచ్చింది. "ఇంకొక్కసారి" అన్నాను. గుమ్మంలో నిలబడ్డ బాపిరాజు, "అమ్మాయ్, ముందు నీ మిషనుకు కళ్లజోడు పెట్టించు!" అంటే వరండా అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"మూడోసారి నెగెటివ్ వచ్చుంటే ఏది ఇచ్చేవారండి?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే.

వరండాలో రైతులు ఎదురుచూస్తున్నారని లేచి వెళ్లిపోయాను.

ఆ ఆదివారం భర్తతో కలిసి హ్యాచరీకి వెళ్లింది. సోమవారం జరిగిందంతా చెప్పింది. యజమాని ప్రసాద్ గారిని ఆమె ముందుగా అడిగింది జీతం గురించి కాదు. టెస్టుల రిజిస్టరు చూపించమంది.

"వచ్చినవాళ్లంతా క్వార్టర్స్ చూపించమంటారు. మీరేంటండీ, రిజిస్టరు అంటున్నారు?" అన్నారట ఆయన.

"ఒక్క పాజిటివ్ కూడా లేకపోతే అక్కణ్నుంచే వచ్చేద్దామనుకున్నానండి. రెండేళ్లలో ఒక్క ట్యాంకూ చెడలేదంటే ఎవరు నమ్ముతారు?" అంది నాగమణి నాతో.

తొమ్మిది చోట్ల పాజిటివ్ అని ఉందట. ఎదురుగా ట్యాంకు నంబరు, బ్లీచింగ్ వేసి పిల్లల్ని చంపి నీళ్లు వదిలేసిన తేదీ. రాసినంత మాత్రాన ఆమె నమ్మలేదు. ట్యాంకుల దగ్గరికి నడిచి, అక్కడ పైపు కడుగుతున్న పెద్దాయన్ని కదిపింది.

"ఎప్పుడైనా ట్యాంకులు వదిలేశారా బాబాయ్?"

"వదలకేం తల్లీ! దీపావళి ముందు ఆరో నంబరు మొత్తం పోయింది. ఆ బ్లీచింగ్ ఘాటుకి నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. అయ్యగారైతే వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలా."

రిజిస్టర్లో ఆరో నంబరు ఎదురుగా ఉన్నది దీపావళి ముందు తేదీయే. అప్పుడు వెనక్కి వెళ్లి ప్రసాద్ గారికి సరేనంది. ఒక్క షరతు పెట్టింది. ఏ టెస్టయినా మళ్లీ చెయ్యమంటే చేస్తుంది, కానీ చేసిన ప్రతిసారీ రిజిస్టర్లో ఒక వరస ఉండాలి. ఆయన ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం మా రిజిస్టరు తీశాను. బాపిరాజు శాంపిల్‌కి ఒక్క వరసే ఉంది. మొదటి రెండూ రాయొద్దని చెప్పింది నేనే.

సీజన్ మధ్యలో నన్ను వదిలి వెళ్లలేదామె. ఏప్రిల్ ఆఖరు దాకా ఉండి, కొత్తగా చేరిన రమణకు పని నేర్పింది. చీటీ బోర్లా పెట్టడంతో సహా.

మరుసటి ఏడాది ఒక రైతు ఆ హ్యాచరీ సీడ్ పట్టుకుని వచ్చాడు. కవరుతో పాటు నాగమణి సంతకం పెట్టిన రిపోర్టు ఉంది. "నాగమణి గారు చూసిందానికి మళ్లీ టెస్టెందుకండీ? ఏదో మా బావ పోరు పడలేక తెచ్చాను" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. అంతలో ఫోను.

"సార్, మా నాలుగో ట్యాంకు సీడ్ మీ దగ్గరికి వచ్చిందా? నా సంతకం చూసి వదిలెయ్యకండి. నంబరేసి చేయించండి."

ఉద్యోగం మారాలా వద్దా అని సలహా అడిగేవాళ్లకు నేనిప్పుడు ఆమె సంగతే చెబుతాను. కొత్త చోట ఎంత ఇస్తారన్నది వాళ్లే చెబుతారు. చెడ్డ కబురు వచ్చిన రోజున అక్కడేం చేశారో మనమే వెతికి చూసుకోవాలి. ఉన్నచోట ఏం చేస్తున్నామో కూడా. పదకొండేళ్లు నా కింద పనిచేసిన మనిషి దగ్గర నేను నేర్చుకున్నది ఇదే.

శాంపిల్‌కి నంబరు వేసి, చీటీ బోర్లా పెట్టి రమణకు ఇచ్చాను. సాయంత్రానికి నెగెటివ్ వచ్చింది. రిజిస్టర్లో ఒక్క వరసే రాశాం. ఒక్కసారే చేశాం కాబట్టి.