బావకు రెండు పళ్ళేలు

చచ్చిపోయిన మనిషి నాలుకకు రుచి మార్పించిన మొనగాడు ఈ లోకంలో బూడిద బాబాయి ఒక్కడే. నమ్మకపోతే మీ ఖర్మ. మహా మహా మంత్రగాళ్ళు కూడా దయ్యాన్ని సీసాలో దింపి బిరడా బిగించగలరు, అంతే. ఈయన మాత్రం అరటిపండు తప్ప ఇంకేదీ ముట్టని దయ్యం చేత ఒక్క మధ్యాహ్నంలో కొవ్వు మాంసం తినిపించాడు.

బాబాయి ఉద్యోగం ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో. అందరూ తినేవాటిని ఆయన తగలబెడతాడు. బిస్కెట్టు గానీ, పాలపొడి గానీ, చేపముక్క గానీ చిన్న పింగాణీ గిన్నెలో పెట్టి, ఎర్రగా కాలిన ఫర్నేసులోకి తోసి, మిగిలిన బూడిదను తూచి పై గదికి పంపుతాడు. ఆ పేరు అలా వచ్చిందే. ఉద్యోగంలో చేరిన ఏడాదే మాంసం మానేశాడు. కొవ్వు కాలే వాసన చొక్కాకూ జుట్టుకూ పట్టి, చివరికి తాగే టీలోకి కూడా దిగింది. "నీ పక్కన కాసేపు నిలబడితే చాలోయ్, సగం భోజనం అయిపోయినట్టే" అని బావ ఏడిపించేవాడు.

బావ అంటే బాబాయి అక్క మొగుడు, బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చి తినేవాడు. అతనికో కొంటె అలవాటు ఉండేది. అరటిపండు నెమ్మదిగా ఒలిచి తినేసి, తొక్కను మళ్ళీ మూసి, నిండు పండులా పళ్ళెంలో పెట్టేవాడు. అక్క చెయ్యి వేయగానే అది చప్పున నొక్కుకుపోయేది. "మళ్ళీ బోల్తాపడ్డావే!" అని ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు.

అలాంటి మనిషి జబ్బుపడి సగానికి సగం చిక్కిపోయాడు. బలమైన తిండి పెట్టండి అని డాక్టరు ఒక్క ముక్క అని వెళ్ళిపోయాడు. అక్క దృష్టిలో బలమంటే మాంసమే, అందులోనూ కొవ్వున్న ముక్కే. మెత్తగా ఉడికించి, పక్కన కూర్చుని, బతిమాలి తినిపించేది.

"ఒక్క అరటిపండు ఇవ్వవే."

"పండులో ఏముందండీ, నీళ్ళు తప్ప! ముందు ఇది తినండి. తర్వాత ఇస్తా."

ఆ తర్వాత అనేది రాకముందే బావ పోయాడు.

కొన్నాళ్ళకు అక్క రెండు పళ్ళేలు పెట్టడం మొదలుపెట్టింది. కుట్టుపనికి వెళ్తూ వెళ్తూ బావ కుర్చీ ముందు ఒక పళ్ళెంలో కొవ్వు మాంసం, ఒక పళ్ళెంలో అరటిపండు పెట్టి, ఇంటికి తాళం వేసుకుని పోయేది. సాయంత్రం వచ్చి చూస్తే మాంసం పెట్టింది పెట్టినట్టే, పైన తెల్లగా పేరుకుని ఉండేది. పండు కూడా ఉన్నట్టే కనిపించేది. పట్టుకుంటే ఉత్త తొక్క.

పక్కింటి పిన్నిగారు ఇదంతా పిల్లి పనేనని తేల్చేసింది.

"మాంసం వదిలేసి అరటిపండు తినే పిల్లి ఎక్కడుంది పిన్నీ? పైగా తొక్క మూసిపెట్టి మరీ పోతుందా?" అన్నాడు బాబాయి.

"పథ్యంలో ఉందేమో నాయనా" అంది పిన్నిగారు. అని, తన మాటకు తనే జడుసుకుని తలుపేసుకుంది.

నవ్వులాట అక్కడితో సరి. అక్క అన్నం మానేసింది. టీ నీళ్ళ మీద బతుకుతోంది. తన చేతులతో తనే కొలిచి కుట్టుకున్న జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. ఇలాగే వదిలేస్తే బావ వెనకాలే పోతుందని బాబాయికి గుండెల్లో రాయి పడింది.

"ఒరే, నువ్వు రోజూ ఇవన్నీ తగలబెడతావుగా. నిజం చెప్పు. బలం పండులో ఉందా, మాంసంలో ఉందా?" అని అడిగింది అక్క.

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. ఇది ఇన్నేళ్ళుగా చెవిన పడుతున్న లెక్కే. "మాంసంలోనే అక్కా. కొవ్వున్న ముక్కయితే, అంతే తూకం అరటిపండుకి మూడింతల పైనే శక్తి. కండపట్టే మాంసకృత్తులు కూడా దాంట్లోనే. పండులో ముప్పాతిక నీళ్ళే. కాస్త చక్కెర, కాస్త పీచు, ఏవో లవణాలు. నువ్వు పెట్టింది తప్పేం కాదు."

"మరి కక్కుకున్నదానికి ఎంత?"

"ఏంటక్కా?"

"తిన్న ప్రతి ముక్కా కక్కుకునేవారురా ఆయన. అందులో ఒంటికి ఎంత పట్టింది? పండయితే కడుపులో నిలిచేదేమో. మీ ల్యాబులో అది చెప్పరా?"

ల్యాబులో అది చెప్పరు. మర్నాడు బాబాయి కొవ్వు ముక్కనూ అరటి ముక్కనూ పక్కపక్క గిన్నెల్లో పెట్టి ఫర్నేసు తలుపు మూశాడు. తీసి చూస్తే కొవ్వు గిన్నె కడిగిపెట్టినట్టుంది. అరటి గిన్నె అడుగున చిటికెడు తెల్లటి బూడిద. ఎప్పుడూ చూసేదే. ఆ రోజు మాత్రం ఎవరో వెళ్తూ వెళ్తూ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టనిపించింది. దాన్ని తూచకుండానే పక్కన పెట్టి, సెలవడిగి బయటపడ్డాడు.

అక్క ఇంటి రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తలుపు తీశాడు. వీధంతా ఎండ మండిపోతోంది, లోపల మాత్రం చల్లగా ఉంది. బావ కుర్చీ ఎవరో ఇప్పుడే లేచినట్టు వెనక్కి జరిగి ఉంది. పండు నిండుగా ఉందో లేదో ముట్టుకుని చూసే ధైర్యం చాలలేదు.

బావ మాంసం తిన్నాడనుకుంటేనైనా అక్క మనసు కుదుటపడుతుందని, ఆ పళ్ళెం అందుకుని నిలబడే తిన్నాడు. గడ్డకట్టిన కొవ్వు అంగిలికి మైనంలా అతుక్కుంది. ఇన్నేళ్ళ ఫర్నేసు వాసనంతా ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది. వాంతి తన్నుకొస్తే నోరు నొక్కుకుని మళ్ళీ మింగాడు. మంచం మీద బావ ఎలా మింగేవాడో అప్పుడు తెలిసింది. కుర్చీలో ఎవరో పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నట్టుంది. బాబాయి తలెత్తలేదు. పళ్ళెం నున్నగా ఖాళీ చేసి, తాళం వేసి, వీధి మలుపు దాకా వెనక్కి చూడకుండా నడిచాడు.

సాయంత్రం అక్క కేక వీధి వీధంతా వినిపించింది. "ఒరేయ్! మాంసం తిన్నార్రా మీ బావ! ఒక్క ముక్క మిగల్చలేదు!"

బాబాయి వచ్చేసరికి ఆవిడ పండు చేతిలోకి తీసుకుంది. బరువుగా ఉంది. గుమ్మంలో కూలబడి, ఒలిచి, ఏడుస్తూ మొత్తం తినేసింది. ఆ పూటే పొయ్యి వెలిగించి ఇద్దరికీ అన్నం వండింది. మళ్ళీ రెండు పళ్ళేలు పెట్టలేదు.

అప్పట్నుంచి వీధిలో బాబాయి పేరు మోగిపోయింది. రెండో తాళంచెవి ఉన్నవాడికి ఇదో గొప్పా, మొదట్నుంచీ పండ్లు మింగింది కూడా ఆయనేలే అనే గిట్టనివాళ్ళూ ఉన్నారు. అడిగితే, అక్క వినకుండా గొంతు తగ్గించి, ఆయన చెప్పేది ఇంతే.

"దయ్యానికి నేనేం తినిపించలేదు. ఆ ఒక్కరోజు మాంసం తిన్నది నేనే. పండ్ల జోలికి మాత్రం నేనెప్పుడూ పోలేదు."