లోపం లేని తాకా

సూరత్‌లో ఇన్నేళ్లుగా బతుకుతున్నాను గానీ, పర్ఫెక్ట్ కాని వస్తువును ఎవరూ నాకు అంటగట్టలేదు. ఉన్ బస్తీలో మా గది కొళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబర్, నీళ్లు ఇంకా కారుతుండగానే "ఏక్‌దమ్ పర్ఫెక్ట్" అని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. అడాజన్‌లో కుట్టించిన కుర్తాకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు. టైలర్ పర్ఫెక్ట్ అన్నాడు. నేను చేతులు చాపి చూపిస్తే, మీరు చాపకండి అన్నాడు. గుజరాతీలు, ఒడియావాళ్లు, మా తెలంగాణవాళ్లు ఎవరికీ తర్జుమా అక్కర్లేని మాట అది. నిఘంటువులో దానికి ఏ అర్థం ఉందో గానీ, ఇక్కడ మాత్రం ఇంక అడగొద్దని అర్థం.

ఆ మాటను మా ఇంట్లో నాన్న, అదే మా బాపు, వాడినంతగా ఎవరూ వాడలేదు. ఆయన కరీంనగర్ దిక్కు పల్లె నుంచి పెళ్లికి ముందే వచ్చి, భేస్తాన్‌లో ఒక కార్ఖానాలో పవర్‌లూమ్ మగ్గాలు నడిపాడు. జ్వరంతో వణుకుతున్న రోజు తబియత్ ఎట్లుందని అడిగితే పర్ఫెక్ట్. అవ్వ, అంటే మా అమ్మ, ఉప్పు వేయడం మరిచిపోయిన పప్పు కూడా పర్ఫెక్టే. అవ్వ దాన్ని మెచ్చుకోలు అనుకుని మరునాడు కూడా వేయలేదు.

అదే కార్ఖానాలో, మగ్గాల కింది అంతస్తులో నేను బట్ట చూస్తాను. అద్దం బల్ల, దాని కింద ట్యూబ్‌లైటు, పైన బట్ట. లోపం కనిపించిన చోట అంచుకు ఎర్ర దారం ముక్క కడతాను. ఒక్కో బట్ట చుట్టను ఇక్కడ తాకా అంటారు. దారాలు ఐదుకు మించకపోతే ఫ్రెష్, మించితే సెకండ్. ఊరంతా పర్ఫెక్ట్ అంటుంటే, లోపాలు వెతికే మా బల్ల దగ్గర మాత్రం ఆ మాట లేదు. పన్నెండేళ్లలో ఒక్క దారమూ కట్టనక్కరలేని తాకా నా కంటపడలేదు. దాంతో నా స్వభావం కొంచెం చెడిపోయింది. ఎవరు కొత్త చీర చూపించినా వెలుతురుకు ఎత్తి చూస్తాను. మా చుట్టాల ఆడవాళ్లు నాకు చీరలు చూపించడం మానేశారు.

నిరుడు వానాకాలం నుంచి బాపు చాయ్‌ని గ్లాసు పక్కన పోయడం మొదలుపెట్టాడు. బస్సు నంబరు నన్ను చదవమనేవాడు, అద్దాలు ఇంట్లో మరిచిపోయానని. ఆయనకు అద్దాలే లేవు. కండ్ల డాక్టరు దగ్గరికి పోదామని ఎన్నిసార్లు అడిగినా, కండ్లు పర్ఫెక్ట్ అనే జవాబు. గద్దించాను, బతిమాలాను, ఒక రోజు అన్నం మానేశాను. నా అన్నం కూడా ఆయనే తినేశాడు.

తర్వాత ఆయన మగ్గాల బట్ట సెకండ్‌కు పోవడం మొదలైంది. మూడు తాకాలు పోయాక, మగ్గాలు అప్పగించే మాస్టర్ నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంకొక్కటి పోతే ఆ మగ్గాలు వేరేవాళ్లకు ఇస్తానని చెప్పాడు. కోపంగా కూడా చెప్పలేదు. పండగ సెలవు రెండు రోజులిస్తేనే ఇంట్లో కాలు నిలవని మనిషి బాపు. మగ్గాలు పోతే ఏమైపోతాడోనని నాకు భయమేసింది.

నాలుగో తాకా ఒక మధ్యాహ్నం వచ్చింది. పడుగులో పోగు తెగిన చోటల్లా బట్ట మీద సన్నటి గీత. నడిచే మగ్గం మీద చెయ్యి పెట్టలేరు, తెగిన పోగును చూపుతోనే పట్టాలి. తొమ్మిది దారాలు కట్టాను. మెట్ల వైపు ఒకసారి చూసి, తొమ్మిదీ విప్పి చున్నీ కొసన ముడేసుకున్నాను. తాకాకు కట్టే చీటీ మీద ఫ్రెష్ అని రాశాను. అంత గుండ్రంగా నేనెప్పుడూ రాయలేదు.

పాత నేతగాళ్లకు ఒక అలవాటుంది. తమ మగ్గం నుంచి కోసిన బట్టను ఒక్కసారి చేత్తో తడమందే ఇంటికి పోరు. షిఫ్టు దిగి బాపు వచ్చాడు. ఏం రాసినవని అడిగితే ఫ్రెష్ అన్నాను. అరచెయ్యి బట్టకు ఆనించి, మెల్లగా లాగమన్నాడు. లాగాను. ఆయన ముఖం గోడ వైపు ఉంది. కొంతదూరం పోయాక బొటనవేలి గోరు ఒక చోట ఆగింది.

"కండ్లు పోయింది నాకు గదా బిడ్డా. నీకేమైంది?"

మాస్టర్ అన్నదంతా చెప్పాను. తనకు ముందే తెలుసన్నాడు. తన చేతి బట్ట దొంగ చీటీతో బయటికి పోతుందని మాత్రం తెలియదన్నాడు. నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. ఇంతకాలం కండ్ల గురించి అబద్ధమాడింది ఆయన, దొరికిపోయింది నేను.

దారాలు అడిగాడు. చున్నీ ముడి విప్పి ఆయన చేతిలో పోశాను. నేను మళ్లీ మొదటి నుంచి బట్ట లాగుతుంటే, గోరు ఆగిన చోటల్లా అంచు వెతుక్కుని ఒక్కో దారం కట్టాడు. తొమ్మిదీ అయిపోయాక చెయ్యి చాపాడు.

"ఇంక రెండియ్యి."

తొమ్మిదే కదా బాపు అన్నాను. చాపిన చెయ్యి తీయలేదు. ఇచ్చాను. అవి కట్టిన రెండు చోట్లా బట్టను లైటు మీదికి లాక్కుని, వంగి చూశాను. రెండు చోట్లా పోగు లేదు. మొదటిసారి అవి నా కంటికి ఆనలేదు.

కొత్త చీటీ రాయమన్నాడు. రాశాను.

"ఏం రాసినవో జర సదువు. నాకు కనిపిస్తలేదు."

చదివాను. పైన మగ్గాల చప్పుడులో వినపడలేదన్నాడు. ఈసారి చుట్టుపక్కల బల్లలవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, సెకండ్ అని చదివాను. బాపు చీటీ తీసుకుని, వెంట రావద్దని చెప్పి, మాస్టర్‌కు తనే ఇవ్వడానికి గోడ పట్టుకుంటూ మెట్లెక్కాడు.