కూర్మయ్య బావ బండి కదలని పూట

మా అక్క మొగుడు కూర్మయ్య ఇంజన్ల వైద్యుడు. అలాగని ఎక్కడా బోర్డు లేదు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు తగులుతుంది. అక్కడ ఒడ్డున నాలుగు గుంజలు పాతి పైన తాటాకు కప్పిన పాకే ఆయన దుకాణం. పడవలకు తగిలించే ఇంజన్లు మా ఒడ్డుకు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన వేటకు వెళ్లడం మానేసి, వాటి పొట్ట విప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ నేర్పలేదు. పాడుచేసి నేర్చుకున్నాడు. ఎవరి ఇంజన్లు పాడుచేశాడో వాళ్లే తర్వాత ఆయన పాక ముందు పడిగాపులు పడ్డారు. కొన్నాళ్లకు మోటారు సైకిళ్లవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు.

బావకు ఒక పద్ధతి ఉండేది. ఇంజను ఏదైనా ముందు పెట్రోలు చూస్తాడు. వేలికి రాసుకుని వాసన పీలుస్తాడు, నాలుక చివర తాకించి ఉమ్ముతాడు. "సంద్రంలో ఇంజను ఆగిపోనాదంటే పదిలో తొమ్మిదిసార్లు తిండిలోనే ఉంటాది రోగం" అంటాడు. ఆ లెక్క పడవలకు బాగానే కుదిరింది. రోడ్డు మీద తిరిగే బండికీ అదే కుదురుతుందని ఆయన నమ్మకం. కాదని చెప్పే మొనగాడు మా ఊళ్లో పుట్టలేదు. ఆయన నోటికి జడిసి నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

నా పేరు గంగులు, ఆయన భార్య లక్ష్మణమ్మకు తమ్ముణ్ణి. ఒడ్డున చేపలు కొని, మోపెడ్‌కు పెట్టెలు కట్టుకుని నరసన్నపేటలో అమ్ముకుంటాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది బావ కథే అయినా ఇందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

2019లో గ్రామ సచివాలయాల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టారు. బావ కూతురు దేవి చేపల పెంపకంలో డిప్లొమా చదివింది కాబట్టి మత్స్యశాఖ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. మా వాడలో ఆడపిల్ల గవర్నమెంటు కుర్చీలో కూర్చోవడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. నెలరోజుల పాటు అక్క ఆ పిల్లను పొయ్యి దగ్గరకు కూడా రానివ్వలేదు. పరీక్ష శ్రీకాకుళంలో, ఉదయం పది గంటలకు. పది దాటితే ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరని దేవి ఇంట్లో అందరికీ పదేపదే చెప్పింది. మా ఊరికి బస్సు లేదు. ఆటోలు పొద్దున్నే చేపల బుట్టలతో నిండిపోయి వెళ్లిపోతాయి. ఇంట్లో మెకానిక్కూ, మోటారు సైకిలూ ఉండగా ఆటో ఊసు ఎవరెత్తుతారు?

ఏడున్నరకు వాళ్లు బయల్దేరాలి. పిల్లకు ధైర్యం చెబుదామని నేనూ వెళ్లాను. వారం రోజులుగా చినుకు లేదు, అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. బండి హెడ్‌లైటుకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దేవి హాల్‌టికెట్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నిలబడింది. బావ కిక్కు కొట్టాడు. బండి ఒకసారి దగ్గి ఊరుకుంది. చోక్ లాగి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. పది పదిహేను కిక్కులయ్యేసరికి ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది.

"బావా, నా మోపెడ్ ఉన్నాది గదా. పిల్లని నాను దింపేస్తాను" అన్నాను.

"ఊరందరి ఇంజన్లూ బాగుసేసినోడి కూతురు సేపల బండి మీద ఎల్లాలేటి పరీచ్చకి? అయిదు నిమిషాలాగు" అన్నాడు.

అయిదు నిమిషాలు అరగంటయింది. పెట్రోలు పైపు పీకి, సీసాలోకి పట్టి, వాసన చూసి మొహం చిట్లించాడు.

"నిన్న ఈ బండి తోలినోడివి నువ్వే గదా?"

అవును, నేనే. ముందురోజు నా మోపెడ్ టైరు పంక్చరైతే, దాన్ని అతికించడానికి ఇచ్చి ఆయన బండి తీసుకెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో కొట్టు దగ్గర సీసా పెట్రోలు కొని పోశాను. ఆ మాటే చెప్పాను.

"కొట్టు పెట్రోలు కాదిది. పడవలోది. ఆయిలు కలిపిన కంపు కొడతన్నాది" అన్నాడు.

ట్యాంకు మొత్తం వంచేశాడు. కార్బొరేటరు ఊడదీసి కడిగాడు, సన్నటి తీగతో దాని కన్నాలు పొడిచాడు, నోటితో ఊదాడు. తన దగ్గరున్న మంచి పెట్రోలు పోసి మళ్లీ కొట్టాడు. బండి పలకలేదు. ఎనిమిదిన్నర దాటింది. దేవి గడియారం చూసుకుంటూ పెదవి కొరుక్కుంటోంది. అక్క గుమ్మం పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. పిల్ల ప్రయాణం గురించి బెంగపడుతోందని నేననుకున్నాను.

అప్పుడు బావ స్పానరు కింద పడేసి నా మీదికి తిరిగాడు. "ఒడ్డు మీద ఎవుడి పడవలోదో పెట్రోలు దొంగిలించి నా బండిలో పోసినావురా! పిల్ల బతుకు పాడుసేసినావు!"

వాడవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. దొంగ అన్న మాట నా చెవిలో పడ్డాక ఇంకేమీ వినపడలేదు. "మీ గుమ్మం తొక్కితే నాను మా అయ్యకి పుట్టనేదు" అని మోపెడ్ ఎక్కాను. "మావా! ఆగు మావా!" అని దేవి వెనక నుంచి పిలిచింది. విన్నాను. వినీ ఆగలేదు. తన కోపమే తన శత్రువంటారు గానీ, ఆ పూట నా కోపం నాకేమీ చెయ్యలేదు, ఆ పిల్లకే చేసింది. దానికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

ఆ తర్వాత జరిగింది దేవి చెప్పింది. ఇక చేసేదిలేక బావ, ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు మీది రబ్బరు టోపీ పీకాడట. అందులోంచి నీళ్లు ఆయన అరచేతిలోకి కారాయి. పసుపుపచ్చటి నీళ్లు. ఆయన చెయ్యి అలాగే పట్టుకుని అక్క వంక చూశాడు.

మా వాళ్లు కొత్త పడవను మొదటిసారి సముద్రంలోకి తోసే ముందు, ఇంటి ఆడది ముందు కొస నుంచి వెనక కొసదాకా బిందెతో పసుపు నీళ్లు పోస్తుంది. వెళ్లినవాళ్లు చల్లగా తిరిగి రావాలని. ఆ రోజు ఎవరూ లేవకముందే అక్క రెండు బిందెలు కలిపి బండిని అలాగే ముంచేసింది. తర్వాత కొంగుతో శుభ్రంగా తుడిచి బొట్టు పెట్టింది. పడవకైతే నీళ్లు పోసేది చెక్కకు, ఇంజను తర్వాత తగిలిస్తారు. బండికి ఒళ్లంతా ఇంజనే. బావకు తోచిన మొదటి మాట పెట్రోలు. వానే లేదు కాబట్టి నీళ్ల సంగతి ఆయనకు తట్టనే లేదు.

"ముందే ఎందుకు సెప్పనేదే?" అన్నాడట బావ, గొంతు లేవకుండానే.

"అరుస్తావని" అందట అక్క.

టోపీ గుడ్డతో తుడిచి, ప్లగ్గును పొయ్యి మీద కాచి బిగించాడు. రెండో కిక్కుకు బండి స్టార్టయింది. అప్పటికి తొమ్మిదీ ఇరవై. ఎంత వేగంగా తోలినా ముప్పావుగంట దారి.

నేను శ్రీకూర్మంలో టీ కొట్టు ముందు కూర్చుని నా పౌరుషాన్ని చల్లార్చుకుంటున్నాను. వాళ్లు నా ముందు నుంచే దూసుకుపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెంటపడ్డాను. నేను వెళ్లేసరికి పరీక్ష కేంద్రం గేటుకు తాళం వేసి ఉంది. నాలుగు నిమిషాలు ఆలస్యమట. ఎవరికీ తల వంచని మా బావ కానిస్టేబులు కాళ్లు పట్టుకుని ఉన్నాడు. "తప్పు నాది బాబూ, పిల్లది కాదు. బేగి లోపలికి పంపించెయ్యి బాబూ." ఆ కానిస్టేబులు చెడ్డవాడేమీ కాదు. "నా చేతుల్లో లేదు పెద్దాయనా" అని బావను లేవదీశాడు. అతని కళ్లలోనూ నీళ్లున్నాయి.

రోడ్డు పక్కన గోడనీడన ముగ్గురం కూర్చున్నాం. కాసేపటికి బావకు దుఃఖం కోపమైంది. "రెండు బిందెలు పోసినాది! ఇంటికెల్లి దాని సంగతి సూస్తాను" అన్నాడు. "నాను ఆగుంటే ఎల్లిపోదుము గదా బావా, అక్కనేటి అంటావు" అన్నాను నేను.

"ఊరుకోండి ఇద్దరూ" అంది దేవి. "అమ్మకి నాను పరీచ్చ రాసినానని సెప్పండి. నీళ్లు పోసి నా ఉజ్జోగం పోగొట్టేసినానని తెలిస్తే అది బతికినన్నాళ్లూ ఏడుస్తాది."

పరీక్ష ముగిసేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. గేటు తీశాక దేవి బయటికి వస్తున్న అమ్మాయిల దగ్గరికి వెళ్లి ఏమేం ప్రశ్నలు వచ్చాయో అడిగి తెలుసుకుంది. ఇంట్లో అమ్మకు చెప్పాలి కదా.

అక్క వీధిలోనే ఎదురొచ్చింది. "టయానికి ఎల్లినారా?" అని అడిగింది.

"ఇంకా పది నిమిషాలుండగానే ఎల్లినామమ్మా" అంది దేవి. అన్నాల దగ్గర, రొయ్యల రోగాల మీద ప్రశ్న వచ్చిందని, అది తనకు తెలిసిందేనని చెప్పింది. ఆ మాటలు వింటున్నంతసేపూ బావ కంచంలోంచి తలెత్తలేదు. ఆయన అక్కను ఆ సంగతి మీద మళ్లీ ఒక్క మాట అనలేదు. దొంగ అన్నందుకు నాకు క్షమాపణా చెప్పలేదు, కానీ మర్నాడు నా మోపెడ్ అడక్కుండానే తీసుకెళ్లి సర్వీసు చేసి పెట్టాడు.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయని తెలిసి అక్క పరుగున మా ఇంటికొచ్చింది. "ఒరే, నీ ఫోన్లో సూడరా, పిల్లకి ఎన్నొచ్చినాయో." నేను ఫోను పట్టుకుని కాసేపు వేలితో అటూ ఇటూ జరిపాను. నూట యాభైకి డెబ్భై రెండు అన్నాను. అది ఉద్యోగం వచ్చే అంకె కాదు, మరీ పరువు తీసే అంకె కూడా కాదు. "మొదటిసారికే డెబ్భై రెండా!" అని అక్క వాడంతా చెప్పుకొచ్చింది.

దేవి ఇప్పుడు రొయ్యపిల్లలను పుట్టించే హ్యాచరీలో పనికి వెళ్తోంది. సంబంధాలు వస్తున్నాయి. వచ్చిన ప్రతివాళ్లకూ అక్క ముందుగా ఆ మార్కులే చెబుతుంది. "కొద్దిలో తప్పిపోనాది గానీ, మా పిల్లకి సచివాలయం పరీచ్చలో డెబ్భై రెండు మార్కులండి." బావ నా వంక చూడడు, నేనూ చూడను. దేవి తల వంచుకుంటుంది. వచ్చినవాళ్లు అది సిగ్గనుకుంటారు.